కేకే లైన్ ఎవరిది? కొత్తవలసలో మొదలయ్యే గనుల రైలుమార్గం రాయగడ చేతికి ఎందుకు వెళ్తోందంటే

శృంగవరపుకోట (ఎస్.కోట) ఉన్నది విజయనగరం జిల్లాలో. అక్కడి ఓటరు ఎంపీని ఎన్నుకునేది విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి. ఇప్పుడు ఆ ఊరి రైల్వేస్టేషన్ ఒడిశాలోని రాయగడ డివిజన్ కిందికి వెళ్లాలని నిర్ణయమైంది. జిల్లా ఒకటి, ఎంపీ మరోచోట, రైలు పక్క రాష్ట్రంలో. ఎస్.కోట, లక్కవరపుకోట వైపు వాళ్లు ఈ మూడు ముక్కలాటను ఈమధ్య బాగానే చెప్పుకుంటున్నారు.

2025 ఫిబ్రవరిలో, విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు రైల్వే డివిజన్ విభజనపై కేంద్ర కేబినెట్ కొత్త నిర్ణయం తీసుకుంది. అందులోదే కేకే లైన్, అంటే కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండోల్ దాకా ఇనుప ఖనిజం మోసే రైలుమార్గం. అప్పటి నుంచి ‘కేకే లైన్ పోయింది’, ‘మన ఆదాయం ఒడిశా పట్టుకుపోయింది’ అనే రెండు మాటలు తెగ తిరుగుతున్నాయి. మొదటిదాంట్లో కొంత నిజముంది. రెండోదాంట్లో చాలా గందరగోళం ఉంది. అది విడదీయాలంటే ఈ లైన్ ఎందుకు పుట్టింది, దాని మీద నడిచే డబ్బు ఎటు పోతుంది అన్న రెండు సంగతులు తెలియాలి.

ఏ ముక్క ఎటు వెళ్లింది

విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. అదే ప్రకటనలో వాల్తేరు డివిజన్‌ను రెండుగా చీలుస్తామన్నారు. ఒక ముక్కను విజయవాడ డివిజన్‌లో కలిపేస్తారు. రెండోది రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్ అవుతుంది, భువనేశ్వర్ నుంచి నడిచే తూర్పు కోస్తా రైల్వేలోనే ఉంటుంది. అంటే జోన్ కేంద్రం విశాఖకు వస్తుంది కానీ విశాఖకు సొంత డివిజన్ ఉండదు. ఇదేం లెక్క అని అప్పట్లో అందరూ నోరెళ్లబెట్టారు.

2025లో దాన్ని సవరించారు. వాల్తేరు డివిజన్‌లో దాదాపు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ అనే కొత్త పేరుతో మిగిలాయి. దాదాపు 680 కిలోమీటర్లు రాయగడకు వెళ్లాయి. మన వైపు వాళ్లకు తెలిసిన లైన్లలో పలాస–విశాఖపట్నం–దువ్వాడ మెయిన్ లైన్, విజయనగరం–కూనేరు, బొబ్బిలి–సాలూరు, నౌపడ–పర్లాకిమిడి విశాఖ డివిజన్‌లో ఉన్నాయి. సింహాచలం నార్త్–దువ్వాడ బైపాస్ కూడా ఇటే. కూనేరు నుంచి తెరువలి, సింగపూర్ రోడ్ నుంచి కోరాపుట్, పర్లాకిమిడి నుంచి గుణుపురం, ఇంకా కొత్తవలస నుంచి బస్తర్ కొస దాకా ఉన్న కేకే లైన్ రాయగడకు పడ్డాయి.

ఈ జాబితాను మ్యాపు పక్కన పెట్టుకుని చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే లైన్‌ను కూనేరు దగ్గర కోశారు. అది ఆంధ్రా సరిహద్దు. గుణుపురం లైన్‌ను పర్లాకిమిడి దగ్గర కోశారు. అదీ సరిహద్దే, పాతపట్నం పక్కనే. కేకే లైన్‌ను మాత్రం సరిహద్దు దాకా రానివ్వకుండా మొదట్లోనే, కొత్తవలస దగ్గరే కోసేశారు. కొత్తవలస నుంచి అరకు దాటి ఒడిశా పొలిమేర దాకా ఆంధ్రాలో ఉన్న సుమారు వంద కిలోమీటర్లు అలా అటు పోయాయి. గొడవంతా నిజానికి ఈ వంద కిలోమీటర్ల గురించే.

జోన్ అంటే ఏమిటి, డివిజన్ అంటే ఏమిటి

రోజూ బండ్లు నడిపేది డివిజన్. దాని అధిపతి డీఆర్ఎం. ఏ గూడ్స్‌ను ఎక్కడ ఆపి ఏ పాసింజర్‌ను ముందు వదలాలో చూసే కంట్రోల్ ఆఫీసు, లోకో పైలట్ల డ్యూటీలు, ట్రాక్ మరమ్మతులు, స్టేషన్లలో నీళ్లు, లైట్లు, ప్లాట్‌ఫారాలు అన్నీ దాని పనే. కొన్ని డివిజన్లు కలిస్తే జోన్, దానికి జనరల్ మేనేజర్. బడ్జెట్ పంచడం, టైంటేబుల్, కింది స్థాయి ఉద్యోగాల భర్తీ, బోర్డుకు ప్రతిపాదనలు పంపడం జోన్ చేస్తుంది. కొత్త బండి మీద ఆఖరి మాట ఢిల్లీలోని రైల్వే బోర్డుది.

రాష్ట్ర ప్రభుత్వం ఈ బొమ్మలో ఎక్కడా లేదు. డివిజన్ రాయగడలో ఉన్నంత మాత్రాన ఒడిశా ప్రభుత్వానికి పైసా రాదు. వాల్తేరులో ఉన్నప్పుడు మన ప్రభుత్వానికీ రాలేదు. పైగా వాల్తేరు డివిజన్ 2003 నుంచి భువనేశ్వర్ కింద, అంతకు ముందు కోల్‌కతాలోని సౌత్ ఈస్టర్న్ రైల్వే కింద ఉండేది. కాబట్టి కేకే లైన్ ఏనాడూ ఆంధ్రా కేంద్రంగా ఉన్న జోన్‌లో లేదు. ‘పోయింది’ అన్న మాటను ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి. పోయింది జోన్ కాదు, విశాఖలో ఉన్న డీఆర్ఎం ఆఫీసు.

గని, రైలు, రేవు: ఇది పాత బంధమే

ఈ ప్రాంతంలో ఖనిజానికీ రైలుకూ చుట్టరికం కేకే లైన్‌తో మొదలవలేదు. దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. చీపురుపల్లి, గరివిడి, గర్భాం చుట్టూ గనులు వచ్చాయి. 1890ల్లోనే ఈస్ట్ కోస్ట్ రైల్వే ఈ ఊళ్ల మీదుగా వేయడం గనులకు కలిసొచ్చింది. తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు వేసిన లైన్ 1931లో పూర్తయింది. మధ్య రాష్ట్రాల మాంగనీస్‌కు సముద్రానికి దగ్గర దారి అదే. రెండేళ్లకు, 1933లో, విశాఖ రేవు తెరుచుకుంది. ఆ లైనూ ఈ రేవూ ఒకదాన్ని చూసుకుని ఒకటి పుట్టినవి.

నౌపడ–పర్లాకిమిడి–గుణుపురం లైన్ కథ వేరు. పర్లాకిమిడి రాజావారు సొంత ఖర్చుతో వేయించుకున్న చిన్న గేజి రైలు అది, 1900లో మొదలైంది. దానికి గనులతో పని లేదు. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయిన ఆ లైన్‌కు ఈసారి పర్లాకిమిడిలో గీత పడింది కాబట్టి ఇక్కడ ప్రస్తావన, అంతే.

జపాన్ ఉక్కు కోసం వేసిన లైన్

బస్తర్‌లోని బైలడిల్లా కొండల్లో ఇనుప ఖనిజం దేశంలోకెల్లా మేలైన రకం. అయితే 1950ల్లో అక్కడికి రైలు లేదు, అడవి తప్ప. యుద్ధం తర్వాత జపాన్ ఉక్కు మిల్లులు మళ్లీ లేస్తున్నాయి. వాళ్లకు ఖనిజం కావాలి, మనకు విదేశీ మారకం కావాలి. 1960లో రెండు దేశాలకూ ఒప్పందం కుదిరింది. బైలడిల్లా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు, మరో గని కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు ఇవ్వాలి.

దాని కోసం చేపట్టినదే డీబీకే ప్రాజెక్టు. దండకారణ్య–బొలంగీర్–కిరిబురు అని దాని పూర్తి పేరు. మొత్తం మూడు లైన్లు. అందులో పొడవైనదీ కష్టమైనదీ కొత్తవలస–కిరండోల్, అంటే కేకే. దాదాపు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు, పెద్ద వంతెనలే 80 దాటి ఉన్నాయి. తూర్పు కనుమలను బ్రాడ్‌గేజి మీద అడ్డంగా దాటడం చిన్న పని కాదు. 1960ల చివరికి ఖనిజం కదలడం మొదలైంది. 1980–82 మధ్య లైన్ మొత్తానికి కరెంటు ఇంజన్లు వచ్చాయి.

నలభై లక్షల టన్నులంటే ఎంత? ఇవాళ్టి బాక్స్ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్ ఒక్కోటీ 58 టన్నుల చిల్లర మోస్తుంది. 58 వ్యాగన్ల రేక్, అంటే ఒక పూర్తి గూడ్స్ బండి, సుమారు 3,400 టన్నులు మోస్తుంది. 40 లక్షలను 3,400తో భాగిస్తే ఏడాదికి 1,176 రేకులు, రోజుకు మూడు చిల్లర. రోజుకు మూడు లోడు బండ్లు దిగడం, మూడు ఖాళీ బండ్లు ఎక్కడం: ఈ లైన్ పుట్టుక లెక్క అంతే. ఆ తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా బైలడిల్లా ఖనిజమే ఆధారమైంది, రోజుకు మూడు అన్న లెక్క ఎప్పుడో దాటిపోయింది. ఒక్క ట్రాకు మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది.

బొడ్డవర దాటాక

కొత్తవలస నుంచి మల్లివీడు, లక్కవరపుకోట, ఎస్.కోట, బొడ్డవర దాకా లైన్ చదునుగానే పోతుంది. మామిడి తోటలు, చెరువులు. బొడ్డవర దాటగానే ఘాట్ మొదలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా యాభై కిలోమీటర్ల లోపే శిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి 997 మీటర్ల ఎత్తు. చాలా ఏళ్లపాటు దేశంలో అన్నిటికన్నా ఎత్తైన బ్రాడ్‌గేజి స్టేషన్ అదే, కశ్మీర్ లోయలో రైలు వచ్చేదాకా.

ఎక్కే బండి ఖాళీ, దిగేది లోడు. వినడానికి హాయిగానే ఉంది కదా, దిగడానికి ఇంజనెందుకు అనిపిస్తుంది. అసలు భయమంతా దిగేటప్పుడే. వ్యాగన్ల సొంత బరువు కూడా కలిస్తే 4,700 టన్నుల బండి కొండ వాలులో వస్తుంటే దాన్ని ఆపగలగాలి. అందుకే ఘాట్‌లో బండి మెల్లగా, బ్రేకు పట్టుకుని పట్టుకుని దిగుతుంది. బండి అదుపు తప్పితే మళ్లించడానికి ఎదురెక్కుడుగా వేసిన క్యాచ్ సైడింగులు ఉంటాయి. 1980ల చివర స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ తెప్పించిన కరెంటు ఇంజన్లను వాల్తేరు షెడ్‌లో పెట్టి ఈ లైన్ మీద నడిపారు. జపాన్‌కు ఖనిజం పంపడానికి వేసిన దారి మీద జపాన్ ఇంజన్లు తిరగడం చరిత్రలో చిన్న చమత్కారం.

కొత్తవలస దగ్గర ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడి కిందికి చూస్తే లోడు వ్యాగన్లు సగం ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాయి. అడుగున ఎర్రటి గుట్టలు, పైన వ్యాగన్ గోడలు బోసిగా. రైల్వేవాళ్లు నష్టానికి నడుపుతున్నారేమోనని అనుమానం వస్తుంది. అలా కాదు. ఇనుప ఖనిజం అంత బరువు. బాక్స్ఎన్‌లో 56 ఘనపు మీటర్ల చోటుంది. 58 టన్నుల ఖనిజానికి అందులో సగం కూడా అక్కర్లేదు. చోటు అయిపోకముందే చక్రాలు మోయగల బరువు అయిపోతుంది.

రేక్ పొడవూ తక్కువ కాదు. ఒక్కో వ్యాగన్ 10.7 మీటర్లు, 58 కలిపితే 620, ఇంజన్లతో 680 పైనే. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే లెవెల్ క్రాసింగ్ దాటడానికే నిమిషంన్నర దగ్గర. గేటు ముందే వేస్తారు కాబట్టి, బైకు ఆపుకున్నవాడికి అది పది నిమిషాలు.

ఒక రేక్ ఖనిజం, మూడు ఖాతాలు

‘ఆదాయం’ అనే మాటను ఎవరికి తోచిన అర్థంలో వాళ్లు వాడటం వల్లే ఈ చర్చ చిక్కుబడింది. కిరండోల్‌లో నిండిన రేక్ విశాఖ చేరేసరికి మూడు రకాల డబ్బు పుడుతుంది.

మొదటిది రాయల్టీ. ఇనుప ఖనిజం మీద 2014 నుంచి 15 శాతం, ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ప్రకటించే సగటు అమ్మకం ధర మీద. అది గని ఉన్న ఛత్తీస్‌గఢ్‌కే పోతుంది. రైలు ఏ డివిజన్‌లో నడిచినా అందులో తేడా రాదు. మూడోది రేవు చార్జీలు, ఓడకెక్కిస్తే అవి విశాఖ పోర్టుకు. అందులోనూ తేడా లేదు.

మధ్యలో ఉన్నది సరకు రవాణా చార్జీ. తగాదా దీని మీదే. ఈ డబ్బు చివరికి కేంద్ర ప్రభుత్వ ఖాతాలోనే పడుతుంది. కానీ రైల్వేలో లోపలి లెక్క ఒకటుంది. ఒక బండి రెండు జోన్ల మీదుగా వెళ్తే, వచ్చిన చార్జీని ప్రధానంగా దూరాన్ని బట్టి ఆ రెండు జోన్లకూ పంచి చూపిస్తారు. లోడింగ్, అన్‌లోడింగ్ లాంటి పనులకు వేరే సర్దుబాట్లు ఉంటాయి. వాటిని పక్కన పెట్టి ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం.

కిరండోల్ నుంచి కొత్తవలస 445 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ 27. మొత్తం 472. ఒక రేక్ మీద వచ్చిన చార్జీ వంద రూపాయలు అనుకోండి. ఇప్పటిదాకా లైన్ మొత్తం తూర్పు కోస్తా రైల్వేదే కాబట్టి వందా దానికే. కొత్తవలస దగ్గర గీత గీస్తే తూర్పు కోస్తాకు 94, దక్షిణ కోస్తాకు 6. అదే గీత అరకు అవతల, రాష్ట్ర సరిహద్దు దగ్గర గీసి ఉంటే మన వైపు దూరం 127 కిలోమీటర్లు. అప్పుడు వాటా 73, 27 అవుతుంది.

ఈ 6కూ 27కూ మధ్య తేడా ఎవరి జేబులోకీ పోదు. జోన్ పద్దులో అంకె మాత్రమే. అయితే ఆ అంకెకూ విలువుంది. వంద రూపాయలు సంపాదించడానికి ఎంత ఖర్చు పెట్టారన్న నిష్పత్తితో జోన్‌ను తూకం వేస్తారు. సరకు రాబడి బాగా ఉన్న జోన్ ఆ తూకంలో నిలబడుతుంది. పాసింజర్ బండ్లు ఎక్కువ, గూడ్స్ తక్కువ ఉన్న జోన్ వెనకబడినట్టు కనిపిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో జీతం అంతా పెద్దాయన చేతికే ఇచ్చినా, ఎక్కువ తెచ్చే కొడుకు మాటకు బరువుండటం లాంటిదే ఇది.

రెండు వైపుల వాదనలు

విశాఖ డివిజన్‌లోనే ఉంచాలనేవాళ్లు రాబడి గురించి గట్టిగా మాట్లాడతారు. నా మటుకు వాళ్ల దగ్గరున్న బలమైన వాదన అది కాదు, దూరం. ఎస్.కోట నుంచి విశాఖకు రైల్లో యాభై కిలోమీటర్లు. రాయగడ వెళ్లాలంటే కొత్తవలస వచ్చి, విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా వెళ్లాలి. దూరం మూడింతలు దాటిపోతుంది. మల్లివీడులో ప్లాట్‌ఫారం ఎత్తు పెంచమనో, త్యాడలో బండి ఆపమనో అడగడానికి అర్జీ పట్టుకుని ఆ దారి పట్టాలి. అరకు వెళ్లే కిరండోల్ పాసింజర్ బయలుదేరేది విశాఖలో. దానికి 2017లో తగిలించిన అద్దాల విస్టాడోమ్ పెట్టె ఎక్కేవాళ్లలో ఎక్కువమంది విశాఖ మీదుగా వచ్చేవాళ్లే. బండి ఒకరిది, పట్టా ఇంకొకరిది అయితే జవాబు చెప్పేదెవరన్నది వాళ్ల ప్రశ్న.

ఒడిశా వైపు వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కోరాపుట్, రాయగడ జిల్లాలు కొండల్లో ఉన్నాయి. ఇన్నాళ్లూ వాళ్ల రైళ్ల పెత్తనం సముద్రపు ఒడ్డున, పక్క రాష్ట్రంలో ఉంది. ఎస్.కోట మనిషికి రాయగడ ఎంత దూరమో కోరాపుట్ జిల్లాలోని జైపూర్ మనిషికి విశాఖ అంతకన్నా దూరం. పైగా కేకే లైన్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలోనే ఉంది. నాల్కో అల్యూమినా కర్మాగారం ఉన్న దామన్‌జోడి కూడా రాయగడ–కోరాపుట్ లైన్ మీదే. గనులు, కర్మాగారాలు అన్నీ కొండమీదుంటే వాటిని నడిపే ఆఫీసు కొండమీద ఎందుకుండకూడదన్నది వాళ్ల మాట.

ఇక గీత కొత్తవలస దగ్గరే ఎందుకు అన్నదానికి నడిపేవాళ్ల కోణం ఒకటుంది. ఘాట్ మధ్యలో డివిజన్ మారితే, కంట్రోల్ రూమ్ మారుతుంది. లోడు బండి వాలు మీద దిగుతుంటే పైసగం ఒకరి చేతిలో, కిందిసగం మరొకరి చేతిలో ఉండటం ఎవరికీ ఇష్టముండదు. ఇది ఒప్పుకోదగ్గ మాటే. కానీ సరిహద్దు ఉన్నది ఘాట్ మధ్యలో కాదు, అరకు దాటాక పీఠభూమి మీద. అక్కడ గీస్తే ఘాట్ మొత్తం ఒకే చేతిలో ఉండేది, ఆ చేయి విశాఖ అయ్యేది. నిర్వహణ సౌలభ్యం ఒక్కటే కారణమైతే రెండు చోట్లా గీయొచ్చు. కాబట్టి ఆ ఎంపికలో ఒడిశాకు ఇవ్వాల్సిన వాటా చూసుకున్నారని మన వైపు వాళ్లు అనుమానిస్తే తప్పు పట్టలేం.

బస్తర్ మాట మాత్రం ఈ రెండు వైపుల గోలలో వినిపించదు. ఖనిజం వాళ్లది. ఇన్నేళ్లుగా రైలు వాళ్ల కొండల్ని తవ్వి సముద్రానికి మోస్తోంది. సొంత రాజధాని రాయ్‌పూర్‌కు జగ్దల్‌పూర్ నుంచి నేరుగా రైలు దారి లేదు, ఒడిశా చుట్టి వెళ్లాలి. డివిజన్ విశాఖలో ఉంటేనేం, రాయగడలో ఉంటేనేం వాళ్లకు?

రెండో ట్రాకు, పైపులైను, కొత్త దారులు

కొత్తవలస–కోరాపుట్ 189 కిలోమీటర్లు, కోరాపుట్–జగ్దల్‌పూర్ 110, జగ్దల్‌పూర్–కిరండోల్ 150: మూడు ముక్కలుగా రెండో ట్రాకు పనులు మంజూరై నడుస్తున్నాయి. పాసింజర్ బండ్ల వాళ్లకు డివిజన్ పేరు కన్నా ఇదే ముఖ్యం. ఒక్క ట్రాకు మీద ఎదురు బండి కోసం క్రాసింగ్‌లో నిలబడాలి, ఖనిజం బండ్ల వరస చూసుకుని పాసింజర్‌కు సందు దొరకాలి. అరకుకు మరో బండి వేయమని ఎన్నిసార్లు అడిగినా ముందు అడ్డొచ్చేది ఈ ఇరుకే.

ఇంకోపక్క ఖనిజమంతా రైలే మోయాలన్న రోజులు పోయాయి. బైలడిల్లా నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల పైపులైను 2006 నుంచి ఉంది. ఖనిజాన్ని మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, బురదలా పంపిస్తారు. ఎస్సార్ వేసిన ఆ పైపు ఇప్పుడు ఆర్సెలర్ మిట్టల్ నిప్పన్ స్టీల్ చేతిలో ఉంది. రైలు 472 కిలోమీటర్లు మెలికలు తిరిగి వచ్చే చోట పైపు దాదాపు 200 కిలోమీటర్లు తక్కువలో దిగిపోతుంది. జగ్దల్‌పూర్ పక్కన నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం 2023లో మొదలైంది. అక్కడ వాడుకున్న ఖనిజం ఘాట్ దిగాల్సిన పనే లేదు.

దల్లీ రాజహరా నుంచి రావ్‌ఘాట్ మీదుగా జగ్దల్‌పూర్‌కు 235 కిలోమీటర్ల కొత్త లైన్ కూడా వేస్తున్నారు. అది పూర్తయితే బస్తర్ నుంచి భిలాయి, రాయ్‌పూర్ వైపు నేరుగా దారి పడుతుంది. ఖనిజంలో కొంత అటు మళ్లితే కొత్తవలసలో దిగే రేకులు తగ్గొచ్చు, లేదా విశాఖ ఉక్కు అవసరం పెరిగి అలాగే నిలవొచ్చు. అప్పుడు 94, 6 వాటాలు అవే ఉన్నా, పంచుకోవడానికి వచ్చే వంద రూపాయల సంఖ్యే మారిపోతుంది.